పదిహేడో నంబరు కథ

జూన్ 3, మంగళవారం

సారమ్మ గారు నేను పనిచేసే ఐస్ ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చేశారు. మిట్టమధ్యాహ్నం, గొడుగైనా లేదు. టీచరుగా రిటైరయ్యాక ఆవిడకు రెండే పనులు — ప్రార్థన, ఫోను. ఆ ఫోను నా మొహం ముందు పెట్టి, “అయ్యగారూ, ఇంత పెద్ద పోటీకి కథ పంపి మాకు మాటమాత్రం చెప్పలేదేంటండీ!”

నేను కథలు రాయనమ్మా. ఆదివారం ఆదివారం వాక్యం చెబుతాను.

“మరిదేంటండీ? మీ బిందె కథ! పదిహేడో నంబరు.”

ఆన్‌లైన్లో మినీ కథల పోటీ అట. నలభై కథలు. రాసినవాళ్ళ పేర్లు దాచి నంబర్లిచ్చారు. చదివినవాళ్ళు నచ్చిన మూడిటికి ఓటెయ్యాలి. పదిహేనో తారీకు దాకా గడువు. పదహారు సాయంత్రం పేర్లు చెబుతారు. ఆవిడ అప్పుడే ఓటేసేశారు. సంఘం గ్రూపులో కూడా పెట్టేశారు — మన అయ్యగారి కథ, అందరూ వెయ్యండి, అని.

లారీ నిలబడి ఉంది. ఐసు దిమ్మలు ఎక్కించాలి. చదవలేదు. కానీ బిందె కథంటే నాదే. ఇరవై ఏళ్ళుగా నా నోట నలిగిన కథ. ఎవడో ఎత్తుకుపోయాడు.

జూన్ 4, బుధవారం

చదివాను. నాదే. అదే కొల్లేటి లంక, అదే ఎండాకాలం. సరస్సు నీళ్ళు ఉప్పెక్కి నోట పెట్టడానికి లేవు. ఆడమనిషి బిందె పట్టుకుని కాలవ దాకా నడుస్తుంది, నింపుకుని వస్తుంది. నాలుక పిడచ కట్టింది. చంకలో నిండు బిందె. అయినా ఒక్క గుక్క తాగదు. ఇంట్లో ఆయన తాగాలి ముందు.

ఇక్కడే కదా నేను బల్ల గుద్దేది! “చంకలో నీళ్ళు, గొంతులో దాహం! అయినా యజమానుడి కంటే ముందు తాగిందా? మరి మీరో? ఆదివారం ప్రార్థన అయ్యేదాకా టీకి ఆగలేరు!” — ఆడవాళ్ళ వైపు ఏడుపులు, మగవాళ్ళ వైపు స్తోత్రాలు. కైకలూరులో చెప్పాను, ఆకివీడులో చెప్పాను, ఏలూరు కూటాల్లో మూడుసార్లు చెప్పాను.

బైబిల్లో ఆకాను గుడారంలో పాతిపెట్టుకున్న దొంగ సొత్తు బయటపడలేదా! ఈ దొంగా బయటపడతాడు. ఆదివారం వీడి మీదే నా ప్రసంగం. బైబిలు వాక్యాలు ఎనిమిది తీసి పెట్టుకున్నాను.

జూన్ 4, సాయంత్రం

మళ్ళీ చదివాను. ఇందాక కోపంలో చివర సరిగ్గా చూడలేదు.

చివర ఇంకొన్ని వాక్యాలున్నాయి. అవి నేనెన్నడూ చెప్పలేదు.

ఆవిడ ఇల్లు చేరుతుంది. ఆయన తాగుతాడు. వచ్చిన అతిథులు నలుగురూ తాగుతారు. మిగిలింది ఎసట్లోకి పోతుంది. నువ్వు తాగావా అని ఎవరూ అడగరు. ఆవిడ ఖాళీ బిందెను చంకనెత్తుకుని పెరట్లోకి పోయి, బయట అంటిన తడిని పెదాలతో తుడుచుకుంటుంది.

జూన్ 5, గురువారం

రాయాలి. ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ…

ఆ కథ కరుణది. నా భార్యది. నా ఉపమానాలన్నీ ఆమెవే. ఏడో తరగతితో ఆగిపోయినవాణ్ణి, వాక్యం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. నిప్పు ఉంది నాలో, కథ లేదు. శనివారం పూట చేపలు తోముతూ ఆమె చెప్పేది, నేను రాసుకునేవాణ్ణి. ఆదివారం బల్ల దగ్గర, “ప్రభువు ఈ ఉదయం నాకిచ్చిన ఉపమానం” అనేవాణ్ణి.

బిందె కథ చెప్పిన రోజు గుర్తుంది. చివర విని, “ఇది తీసెయ్యాలి కరుణా. ప్రసంగానికి అడ్డం” అన్నాను.

“అదే కదండీ కథ.”

“జనం ఏడ్చేది తాగనందుకు. తడి నాకినందుకు కాదు.”

“మీ ఇష్టమండీ.” మళ్ళీ చేప తోమింది.

ఆమె పోయి ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలుగా నా ప్రసంగాల్లో కొత్త కథ లేదు. జనం గమనించారేమో. ఎవరూ అనలేదు.

జూన్ 6, శుక్రవారం

ప్రసంగాల పుస్తకం తీశాను. బిందె కథ ఉంది, నా చేతిరాతలోనే. పైన “ప్రభువు నాకిచ్చినది” అని, కింద రెండు గీతలు. ఎవరికైనా రుజువుగా చూపిస్తే దొంగను పట్టించేది ఇదే. ఏ దొంగనో!

దావీదు రాజు కూడా అంతే. ఎవడో పేదవాడి గొర్రెపిల్లను లాక్కున్నారని కథ వింటూ మండిపడ్డాడు. ప్రవక్త వేలెత్తి చూపించేదాకా ఆ లాక్కున్నది తానే అని తెలియలేదు. ఆ ఘట్టం మీద నేనెన్ని ప్రసంగాలు చేశానో!

జూన్ 8, ఆదివారం

ప్రార్థన షెడ్డు నిండిపోయింది. చెప్పాలనే వెళ్ళాను. బల్ల ఎక్కకముందే చప్పట్లు. అప్పారావు (మా సంఘ పెద్దల్లో పెద్ద నోరు) లేచి నిలబడి, “అరవై రెండు ఓట్లండీ మనవి! ఒక్కళ్ళు మిగల్లేదు!”

మూడు కథలకి వెయ్యాలి కదయ్యా, మిగతా రెండూ చదివారా?

“ఎందుకండీ చదవడం? పదిహేడుకి అటొకటి ఇటొకటి నొక్కేశాం. పదహారు, పద్దెనిమిది.”

ఇంటికొచ్చి చూశాను. పదహారోది దెయ్యం కథ. చింతలపూడి రోడ్డులో లిఫ్టు అడిగే దెయ్యం. నా సంఘం యావత్తూ దెయ్యానికి ఓటేసింది! కరుణ ఉంటే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

షెడ్డులో అసలు సంగతి చెప్పలేదు నేను. దొంగ మీద ఏరుకున్న ఎనిమిది వాక్యాలూ చదివాను. ఒక్కొక్కటీ నా వైపే తిరిగింది. గొంతు మాత్రం తగ్గలేదు. గొంతు ఎప్పుడూ తగ్గదు.

జూన్ 9, సోమవారం

ఆ చివర ఎవరికి తెలుసు? నేను ఎవరికీ చెప్పలేదు. కాబట్టి ఆమే చెప్పింది. నేను లేనప్పుడు, ఎవరితోనో.

నేను లేకుండా ఎక్కడుంది ఆమె? బజారుకైనా వెంటే వెళ్ళేవాణ్ణి. ఒక్క డయాలసిస్ గదిలోకే నన్ను రానివ్వలేదు. వారానికి రెండుసార్లు ఏలూరు, నాలుగేసి గంటలు. ఆ నాలుగు గంటలూ నేను వరండాలో రోగుల తాలూకు వాళ్ళకి సువార్త చెప్పేవాణ్ణి. లోపలికి వినిపించేంత గట్టిగా.

జూన్ 10, మంగళవారం

సెలవు పెట్టి ఏలూరు బస్సెక్కాను. కొల్లేరు మీదుగా. రోడ్డుకి రెండు పక్కలా చెరువుల నీళ్ళే, కనుచూపు మేర. చూడలేక కళ్ళు మూసుకున్నాను.

డయాలసిస్ గది నర్సు గుర్తుపట్టింది. “వరండా ప్రసంగం బాబాయిగారు కదండీ మీరు!” కరుణ ఎవరితో మాట్లాడేదమ్మా అని అడిగాను. ఆలోచించనేలేదు. “పక్క మంచం పెద్దాయన కూతురండీ, సుహాసిని. తాడేపల్లిగూడెం, ఉల్లిపాయల కొట్టు వాళ్ళు. అప్పట్లో అక్కడ మంచం దొరక్క ఇక్కడికొచ్చేవారు. మీ ఆవిడ చెప్పడం, ఆ అమ్మాయి ఫోన్లో రాసుకోవడం. ఎంత నవ్వుకునేవారో అండీ ఇద్దరూ!”

కరుణ నవ్వేదా, అక్కడ?

“అయ్యో, ఆవిడున్న షిఫ్టంటే మాకు పండగండీ.”

ఇంట్లో నాకు కనిపించిందల్లా ఎండిన మొహం. నీళ్ళు కొలిచి ఇవ్వమన్నాడు డాక్టరు, రోజుకి చిన్న గ్లాసులు మూడు. కొలిచింది నేనే. “ఇంకొక్క గుక్కండీ” అనేది. ఆశానిగ్రహం గురించి వాక్యం చదివి వినిపించేవాణ్ణి. డాక్టరు మాట తప్పు కాదు. ఇవ్వకపోవడం తప్పు కాదు. కానీ సిలువ మీద ప్రభువుకే దాహమైందని ఎన్ని మంచి శుక్రవారాలు ఏడ్చి చెప్పానో — మంచం మీద మనిషికి దాహమైతే నిగ్రహం చెప్పానే!

జూన్ 11, బుధవారం

పనిలో దిమ్మ జారి కాలి పక్కన పడింది. మేనేజరు తిట్టాడు. బాగా తిట్టాడు. హాయిగా ఉంది.

జూన్ 12, గురువారం

గూడెం. ఏలూరులో పాసింజరు పట్టుకుని దిగేసరికి పదకొండు. ఉల్లిపాయల మార్కెట్టు ఘాటుకి కళ్ళు మండాయి. మంచిదైంది, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

సుహాసిని కొట్లో కూర్చుని ఉంది. ముప్పై దాటలేదు. వెనక వాళ్ళ నాన్న ఫోటో, దండ. మా మనుషులు ఎప్పుడు పోయారని ఒకరినొకరం అడగలేదు. నన్ను చూసి లేచి నిలబడింది. “మీరు వస్తారనుకోలేదండీ. ‘ఆయన కథలు చదవరులే’ అనేవారు ఆంటీ.”

కథ ఎవరిదమ్మా?

“ఆంటీదండీ. మాటలు నేను అక్కడక్కడా సర్దాను. చివర మాత్రం ముట్టుకోలేదు. అది ముట్టుకోనని ఒట్టు వేయించుకున్నారు.”

మరి పోటీకి ఎవరి పేరున పంపావు?

తల దించుకుంది. “నా పేరేనండీ. ఎప్పుడైనా ఎక్కడికైనా పంపితే ఆంటీ పేరే వేస్తానని అప్పుడే అన్నాను. వద్దన్నారు. ‘నా పేరు కనబడితే ఆ కథలన్నీ నావని తెలిసిపోతుంది. మావారు సంఘంలో తలెత్తుకోలేరు. నీ పేరు పెట్టుకో తల్లీ’ అన్నారు. ఇది గెలిచి నాకేదో వస్తుందని కాదండీ, ఆవిడ కథ నలుగురూ చదవాలని పంపాను.”

కొట్లో ఎవరో బేరమాడుతున్నారు. బస్తా మీద కూర్చున్నాను.

కథలో ఆ అతిథులు నలుగురన్నావే, ఆ సంఖ్య నీదా, ఆమెదా?

“ఆంటీదేనండీ. వాళ్ళలో ఒకాయన గొడుగుకి ఊచ విరిగి వేలాడేదనీ, ఆయన నీళ్ళు తాగేసి వెళ్ళేటప్పుడు ఆ గొడుగు మర్చిపోయాడనీ కూడా చెప్పారు. మాటలు ఎక్కువైపోతాయని నేనే తీసేశాను.”

ఆ గొడుగు నాకు తెలుసు. పెళ్ళైన మొదటి ఎండాకాలం, లంకలో మా గుడిసె. భీమవరం నుంచి సువార్తికులు నలుగురు వచ్చారు. ఆ విరిగిన ఊచ గొడుగు రెండేళ్ళు మా చూరులో ఉంది. “మా ఊళ్ళో ఒకావిడ” అని మొదలుపెట్టేది కరుణ ఆ కథ. ఎవరావిడ అని ఇరవై ఏళ్ళలో నేను అడగలేదు.

సమరయ స్త్రీని బావి దగ్గర నీళ్ళడిగిన ప్రభువు, ఆమె బతుకంతా ఆమెతో మాట్లాడాడు. నేను తాగి చెంబు బోర్లించాను.

ఆమె పేరు పెట్టమ్మా, అన్నాను సుహాసినితో.

“మారుస్తానండీ. నిర్వాహకులకి చెబితే పేర్లు చెప్పేలోపు మారుస్తారు. కానీ వద్దని ఆంటీయే అన్నారు కదండీ. నేను మాటిచ్చాను. మీరు బాగా ఆలోచించుకుని చెప్పండి.” తర్వాత మెల్లిగా, “బాబాయిగారూ, పదహారు, పద్దెనిమిది నంబర్లు ఎలా పైకొచ్చేశాయో మా కథల గ్రూపులో ఎవరికీ అర్థం కావట్లేదండీ…”

చెప్పాను. నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, తర్వాత నవ్వు ఆగలేదు, తర్వాత అది నవ్వు కాదు. ఆ అమ్మాయి మంచినీళ్ళు తెచ్చింది. పట్టుకుని కూర్చున్నాను. తాగలేకపోయాను.

జూన్ 13, శుక్రవారం

ఏం చేయాలో తెలుసు. ఆమె దాచమన్నది నా తల కోసం. తలే దించేస్తే దాచడానికి ఏమీ ఉండదు. ఆదివారం అందరి ముందూ ఒప్పుకుంటాను. అప్పుడు ఆమె పేరు ఆమెకు ఇవ్వచ్చు.

జూన్ 14, శనివారం

నలభై కథలూ చదివాను. కథలంటే అబద్ధాలని బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. ఎనిమిదో నంబరు — రొయ్యల చెరువు కాపలాదారు, భార్య మాట్లాడటం మానేసినా రోజూ రెండు కంచాలు కడుగుతాడు. ముప్పై ఒకటి — చచ్చిపోయిన నాన్న చెప్పులేసుకుని బడికెళ్ళే పంతులమ్మ, నడుస్తుంటే ఊడిపోతుంటాయి. ఈ రెండిటికీ నొక్కాను.

మూడోది నొక్కకపోతే ఒప్పుకోదు. ఎర్రక్షరాలు — “మూడు కథలు ఎంచుకోండి.”

పదిహేడు మీద వేలు పెట్టాను. తీశాను. ఆ కథ మీద తీర్పు చెప్పడానికి నేనెవర్ని? ఫోను మూసేశాను. నా ఓటు పడలేదు.

జూన్ 15, ఆదివారం

చెప్పాను.

బల్ల ఎక్కగానే అన్నాను. “ఆ కథ నాది కాదు. నా భార్య కరుణది. ఇరవై ఏళ్ళుగా మీరు విన్న కథలన్నీ ఆమెవి. ప్రభువు ఇచ్చాడని అబద్ధమాడాను. దొంగిలించాను.”

అప్పారావు లేచాడు, కళ్ళనిండా నీళ్ళతో. “చూశారా అండీ! పోటీలో గెలుస్తున్న కథ! దాన్ని కూడా చనిపోయిన అమ్మగారికి ఇచ్చేస్తున్నారు! తనను తాను తగ్గించుకోవడమంటే ఇదండీ! స్తోత్రం!”

“స్తోత్రం!”

కాదు! నిజం చెబుతున్నాను! అని అరిచాను.

“ఆమెన్!”

నేను దొంగని!

“హల్లెలూయ!”

నా గొంతు లేస్తే వాళ్ళ గొంతు లేస్తుంది. ఇరవై ఏళ్ళుగా అలా అలవాటు చేసింది నేనే. తంబురీన్ కొట్టడం మొదలుపెట్టారు. చేతులెత్తి ఏడుస్తున్నారు. బిందె తడి గురించి చెప్పాను, దానికీ ఏడ్చారు. ముందు తాగనందుకు ఎలా ఏడ్చేవారో అచ్చం అలాగే. పాట అందుకున్నారు. నేను బల్ల పట్టుకుని నిలబడ్డాను.

అందరూ వెళ్ళాక సారమ్మ గారు ఒక్కరే మిగిలారు. చాపలు చుట్టట్లేదు, ఊరికే నిలబడ్డారు.

“అయ్యగారూ, నిజమేనా అండీ?”

నిజమే.

“కరుణమ్మ నా పక్కనే కూర్చునేది. మీరు ఆ కథ చెప్పినప్పుడల్లా మేమంతా ఏడ్చేవాళ్ళం. ఆవిడ ఏడ్చేది కాదు. గట్టి మనిషి అనుకునేదాన్ని. ఓసారి అడిగానండీ, మీకు ఏడుపు రాదేంటమ్మా అని. ‘ఇంకా అయిపోలేదు కదండీ కథ’ అంది. నాకు అర్థం కాలేదు, అప్పుడు.”

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

జూన్ 16, సోమవారం

పనికి వెళ్ళలేదు. ఓటింగు అయిపోయింది. చివరి లెక్క ఇంకా చెప్పలేదు, పేర్లతో పాటే చెబుతారట. ఆరింటికి.

పొద్దున్నే సుహాసిని ఫోను. “ఏమనుకున్నారండీ? ఐదూ ముప్పావు లోపు చెప్పమన్నారు.”

ఎటు తిప్పినా కుదరట్లేదు. కరుణ పేరు పెడితే — సంఘం గ్రూపులో పొద్దుటినుంచి అదే భజన: ‘కథను అమ్మగారికి అంకితమిచ్చిన అయ్యగారు’. ఆమె పేరు నా కిరీటంలో ఇంకో పూస అవుతుంది. సుహాసిని పేరు ఉంచితే — అయ్యగారి కథ కొట్టేసిందని అప్పారావు, వాళ్ళూ ఆ పిల్ల మీద పడతారు. ఇక్కణ్ణుంచి గూడెం ఎంత దూరం! నిజం చెబితే నమ్మరు. నమ్మకుండా తయారుచేసింది నేను.

ఇవన్నీ పక్కన పెట్టినా ఒకటుంది. పేరు వద్దంది ఆమె. ‘చివర తీసెయ్’ అన్నప్పుడు ఆమె ఇష్టం అడగలేదు. ఇప్పుడు పేరు పెడతాననడం మళ్ళీ అడగకపోవడమే కదా? పెట్టకపోతే… ఆమె మాట విన్నట్టా? నేను దాక్కున్నట్టా?

వాక్యం తెరిచాను. నీళ్ళ కోసం మోషే బండను కొట్టిన చోటు. మూశాను. మళ్ళీ తెరిచాను. ఈ ప్రశ్నకు అందులో జవాబు వెతకడం కూడా తప్పించుకోవడమే. ప్రశ్న దేవుడిది కాదు. ఆమెది.

నాలుగూ పది. సారమ్మ గారి మెసేజి: “అప్పారావు గారికి నేను చెప్పి చూశానండీ. నాకు మతి పోయిందన్నారు.”

ఐదు. వాన మొదలైంది, పోయింది.

ఐదూ నలభై. సుహాసినికి మెసేజి కొడుతున్నాను. మూడక్షరాలు. కరుణ. కొట్టాను, పంపలేదు. తుడిచాను. మళ్ళీ కొట్టాను.

ముప్పై ఒక్క ఏళ్ళు. అందులో ఒక్క రోజైనా, ఒక్క విషయానికైనా, “నీకెలా కావాలి కరుణా?” అని అడిగానేమో, ఆమె ఏదో చెప్పిందేమోనని వెతుకుతున్నాను. కూర విషయమైనా సరే. చీర రంగైనా సరే. దొరికితే ఆ మాట పట్టుకుని, ఇప్పుడేమంటుందో ఊహించుకుందును.

ఫోను మోగుతోంది. సుహాసిని.